వీరాంజనేయులు పిలవని పిలుపు

పేరేమో వీరాంజనేయులు, గుండె చూస్తే పిచ్చుకది. బందరు పక్కన గిలకలదిండి రేవులో ఈ మాట అనని మనిషి లేడు. అతను కూడా విని నవ్వేసేవాడు, అందులో అబద్ధమేమీ లేదు కనక. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి, సముద్రమంటే హడలిపోయి, ఒడ్డునే ఉండిపోయిన మనిషి. వేటకెళ్లే బోట్లు రేవులోకి వచ్చి ఆగితే వాటి ఇంజన్లు విప్పి బాగుచేసి బిగించడం అతని పని. పని అయ్యాక బోటు నడిపే సరంగు సత్తయ్య, "ఓసారి మాతోపాటు లోపలిదాకా రావయ్యా, ఇంజను ఎలా లాగుతుందో నువ్వే చూద్దువుగాని" అని పిలిస్తే కడుపులో నొప్పి అనేవాడు. ఏళ్ల తరబడి అదే నొప్పి. సత్తయ్య కూడా ఏళ్ల తరబడి, "వాము నమలవయ్యా" అని అదే మందు చెప్పేవాడు.

ఈ పిరికితనం ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఒకనాడు తండ్రి పడవని నీళ్లలోకి నెడుతుంటే, ఒడ్డున నిద్రకళ్లతో నిలబడ్డ ఈ పిల్లాడు "నాన్నా" అని వెనక నుంచి పిలిచాడు. ఎందుకు పిలిచాడో వాడికే తెలీదు. వేటకి కదిలిన మనిషిని ఎక్కడికని అడగరు, ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని లేస్తారు, వెనక నుంచి పిలవడమైతే అసలు కూడదు. ఆవేళ గాలి తిరగబడి, వలలన్నీ పోయి, తండ్రి విరిగిన భుజంతో ఇల్లు చేరాడు. నాయనమ్మ బతికినన్నాళ్లూ "వీడి నోరు మంచిది కాదు" అనేది. ఎవరు ప్రయాణమవుతున్నా "ఒరే, నువ్వు లోపలికి పో" అని తరిమేది. గాలి తిరగడానికీ పసివాడి పిలుపుకీ ఏం సంబంధమని మీరూ నేనూ తీరిగ్గా కూర్చుని అడగొచ్చు. ఆ మాట రోజూ వింటూ పెరిగినవాడికి అలాంటి ప్రశ్నలు రావు. ఎవరైనా గడప దాటుతుంటే చాలు, పెద్దయ్యాక కూడా పెదాలు బిగబట్టేవాడు.

అలాంటి మనిషి జంకూ గొంకూ లేకుండా చేసిన పని జీవితంలో ఒక్కటే ఉంది. అది కారు.

ఓసారి గుడివాడలో మూతబడిన రైసుమిల్లుకి పాత జనరేటరు చూడ్డానికి వెళ్తే, షెడ్డు మూల ఊక బస్తాల కింద కాంటెస్సా కనిపించింది. ఒకప్పుడు సినిమాల్లో విలన్లు దిగే కారు. పొడుగాటి బానెట్టు, వెడల్పాటి ముఖం, కదలకుండా నిలబడ్డా ఎవరినో బెదిరిస్తున్నట్టుండే ఒడ్డూ పొడుగూ. టైర్లు మట్టయిపోయాయి, కారు అడుగు తుప్పు తినేసింది, సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. వీరాంజనేయులు జనరేటరు సంగతి మర్చిపోయాడు. తుక్కు కింద కొని లారీ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య నాగమల్లేశ్వరి వాకిట్లో నిలబడి చూసి, "ఊళ్లో వాళ్లంతా పాత ఇనుము అమ్ముకుంటారు. మా ఆయన కొనుక్కొస్తాడు" అంది.

వలలు ఆరేసుకునే దొడ్లో రేకుల పందిరి వేసి, కొన్నేళ్లపాటు ఆ కారుతోనే బతికాడు. ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు కదా, తుప్పు పట్టిన అడుగంతా కోసేసి కొత్త రేకు అతికి, బోట్ల అడుగుకి వేసే రంగే దానికీ వేశాడు. పాత ఇంజను బిగుసుకుపోయిందని, తుక్కుకెళ్లిన జీపులోంచి రెండింతలు బలమున్న డీజిల్ ఇంజను తెచ్చి కూర్చోబెట్టాడు. చేతివేలితో తిరిగే పవర్ స్టీరింగు, చల్లటి ఏసీ పెట్టాడు. ఇంజను మార్చినందుకు రవాణా ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తే మాత్రం మళ్లీ కడుపునొప్పే వచ్చింది. ఆ తిరుగుడంతా అల్లుడు హరిబాబు తిరిగాడు. ముదురాకుపచ్చ రంగు వేసి బయటికి తీసిన రోజున రేవు రేవంతా వచ్చి చూసింది. సత్తయ్య బండి చుట్టూ తిరిగి, "అంతా బాగానే ఉందిగానీ, ఇంత ఇంజను పెట్టావు, ఆపేదెలాగ?" అని అడిగాడు.

పైకి నవ్వాడుగానీ అడగాల్సిన ప్రశ్న అదేనని వీరాంజనేయులికి తెలుసు. పడవకి బ్రేకుండదు. నడిపించడమే తప్ప ఆపడం అతని చదువులో లేదు. అందుకని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుని మరీ ముందు చక్రాలకి కొత్త డిస్కు బ్రేకులు బిగించాడు. ఆ పని ముగిసే వేళకే ముహూర్తం వచ్చి పడింది.

ముహూర్తం కూతురు వీరదుర్గది. పురిటికి పుట్టింటికి వచ్చి మగబిడ్డని కంది. మూడో నెల రాగానే బాలింతనీ బిడ్డనీ దివిసీమలో కోడూరికి, అత్తారింటికి సాగనంపాలి. సోమవారం పొద్దున మంచి ఘడియ ఉందన్నారు. "మావయ్యా, మావాణ్ణి మన కారులోనే తీసుకెళ్తా" అన్నాడు హరిబాబు. తన చేత్తో చేసిన కారులో తన మనవడి మొదటి ప్రయాణం. వీరాంజనేయులికి ఇంకేం కావాలి.

ఆదివారం సాయంత్రం బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీస్తున్నాడు. నూనె పోస్తూ, పెడలు తొక్కుతూ, గాలి బుడగలు పోయేదాకా వదులుతూ ఉండాలి. సగంలో ఉండగా బ్రేకు నూనె అయిపోయింది. బందరులో షాపులకి సెలవు. మూలన బోటు స్టీరింగులో పోసే నూనె డబ్బా ఉంది. అదీ గొట్టాల్లో ఒత్తిడి మోసే నూనే, ఇదీ గొట్టాల్లో ఒత్తిడి మోసే నూనే అనుకున్నాడు. జీవితమంతా బోట్లకి అదే పోసి, ఒక్కనాడూ మాట పడని మనిషి ఇంకోలా ఎందుకనుకుంటాడు? మిగతాదంతా దాంతోనే నింపేశాడు. పెడలు రాయిలా గట్టిపడింది. ఊరి చుట్టూ తిప్పి చూశాడు, తొక్కినచోట ఆగింది. హాయిగా అన్నం తిని పడుకున్నాడు.

పొద్దున వాకిలంతా హడావిడి. డిక్కీలో బందరు లడ్డూ బుట్టలు, చలిమిడి డబ్బా, బిడ్డ ఉయ్యాల. ముందు సీటు నిండా సారె సామాను. వెనక సీట్లో దుర్గ, ఒళ్లో బిడ్డ, పక్కన దిగబెట్టడానికి నాగమల్లేశ్వరి. వీరాంజనేయులికి చోటే లేదు, భోజనం వేళకి మోటారుసైకిలు మీద వస్తానన్నాడు. ఎదురింటి కోటేశ్వరమ్మ పసుపు రాసుకున్న ముఖంతో ఎదురు వచ్చింది. "మావయ్యా, బ్రేకు భలే గట్టిగా ఉంది" అన్నాడు హరిబాబు. "బండి నడిపేటప్పుడు ఫోను మాత్రం ఎత్తకు బాబూ" అన్నాడు వీరాంజనేయులు. కొబ్బరికాయ కొట్టారు. కారు కదిలింది.

కూతురు వెళ్లిపోతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనపడకుండా పందిట్లోకి తిరిగి సామాన్లు సర్దబోయాడు. నేల మీద డబ్బా మూతలో నిన్నటి నూనె కాస్త మిగిలి ఉంది. బ్రేకులో బిగించే రబ్బరు గిన్నె ఒకటి, అదనంగా వచ్చింది, రాత్రి జారి అందులో పడినట్టుంది. తీసి చూశాడు. నానబెట్టిన శనగలా ఉబ్బి ఉంది. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా పిండిలా జారింది. సరిగ్గా ఇలాంటి రబ్బర్లే కారు బ్రేకుల్లో ఉన్నాయి. ఇదే నూనెలో, ఇంతసేపూ. లోపల ఉబ్బి పట్టేస్తాయి. పట్టేసి చక్రాల్ని కాలుస్తాయి. ఆ వేడికి నూనె మరిగి, రబ్బర్లు చితికి, ఉన్నట్టుండి కాలు నేలకి తగులుతుంది. అంతే, బ్రేకుండదు.

వీధి చివర చేపల ఆటో అడ్డొచ్చి కారు ఆగి ఉంది. ఒక్క కేక వేస్తే వినపడేంత దూరం. వీరాంజనేయులు రబ్బరు పట్టుకుని వీధిలోకి వచ్చాడు, నోరు తెరిచాడు. బాలింత, చంటిబిడ్డ, ముహూర్తం, కదిలిన బండి. అలాంటి బండిని వెనక నుంచి పిలవడమా? అదీ తన నోటితోనా? నోరు మూసుకున్నాడు. ఆటో తప్పుకుంది, కారు మలుపు తిరిగింది.

మరుక్షణమే తను చేసిందేంటో తెలిసింది. హరిబాబుకి ఫోను చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. తను చెప్పిన బుద్ధే అది, ఎందుకెత్తుతాడు? దుర్గ ఫోను స్విచాఫ్. నాగమల్లేశ్వరి ఫోను ఇంట్లోనే మోగింది. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే పాత మోటారుసైకిలు తీశాడు.

గిలకలదిండి దాటాడు, బందరు దాటాడు, చల్లపల్లి రోడ్డెక్కాడు. ఎంత తిప్పినా ఆ ముసలి బండి అంతకన్నా పోదు. ముందు వెళ్తున్నది రెండింతల బలమున్న ఇంజను, చేజేతులా తనే కూర్చోబెట్టింది. టీ బడ్డీ దగ్గర ఆపి ఆకుపచ్చ కారు చూశారా అని అడిగితే, "ఇప్పుడేనండీ, ఏం బండండీ బాబూ, రయ్యిమని పోయింది" అన్నాడతను మెచ్చుకోలుగా. దేవుడా, మెల్లగా పోనివ్వరా వాణ్ణి, అనుకుంటూ మళ్లీ బండెక్కాడు.

ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక పక్క చేలు, ఒక పక్క కాలవ. మలుపు దగ్గర ఎదురుగా ఏ ధాన్యం ట్రాక్టరో వస్తే బ్రేకు తొక్కాలి, లేకపోతే కాలవే. కాలవలో పడ్డ కార్ల కబుర్లు ఈ డెల్టాలో ఏటా వింటూనే ఉంటాం. తలుపులు తెరుచుకోవు. అద్దాలు ఎత్తి ఉంటాయి, ఎందుకంటే లోపల చల్లటి ఏసీ పెట్టాడు మహానుభావుడు. వీరాంజనేయులు రోడ్డు చూడ్డం మానేసి గట్టు మీద గడ్డి చూస్తూ నడిపాడు. ఎక్కడైనా చక్రాల జాడ నీళ్లలోకి దిగిందేమోనని.

చల్లపల్లికి ఇవతల కాలవ గట్టు మీద జనం మూగి ఉన్నారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నీళ్లలోకి చూస్తున్నారు. ఇద్దరు మగాళ్లు మొలలోతులో దిగి తాడు లాగుతున్నారు. వీరాంజనేయులికి పైప్రాణాలు పైనే పోయాయి. బండి స్టాండు కూడా వెయ్యలేదు, అలాగే పడేశాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఏం పడిందని అడగాలి. అడగలేకపోతున్నాడు. అడిగితే ఎవరైనా కారు అంటారు. అడగనంతసేపూ బిడ్డ బతికే ఉంటాడు. ఆ జనం వెనక ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలీదు. పక్కనున్న ముసలావిడ అతని వాలకం చూసి, "గేదె నాయనా, గట్టు జారి పడింది. బతికే ఉంది. నీదా ఏంటి?" అంది. కాదని తలూపాడు. వెనక్కి పరిగెత్తి బండి లేపాడు.

మోపిదేవి దాటాక కనిపించింది. పులిగడ్డ ఇంకాస్త దూరం ఉందనగా, కరకట్ట మీంచి రోడ్డు కిందకి దిగేచోట, వాలుకి పైన ఒక పక్కగా ఆకుపచ్చ కారు ఆగి ఉంది. హరిబాబు ముందు చక్రం మీద బకెట్టుతో నీళ్లు కొడుతున్నాడు, ఆవిరి లేస్తోంది. దుర్గ బిడ్డని భుజాన వేసుకుని చెట్టు నీడన ఉంది. అందరూ ఉన్నారు. అందరూ నిలబడే ఉన్నారు. వీరాంజనేయులు బండి మీదే ఏడ్చేశాడు. ఉబ్బిన రబ్బర్లు చక్రాల్ని పట్టేస్తే కారు తనంతట తనే బరువెక్కి మొరాయించింది కాబోలు, అదే వాళ్లని కాపాడిందనుకున్నాడు.

ఆ ఊరట ఎంతోసేపు లేదు. అతనింకా కొంచెం దూరంలో ఉండగానే హరిబాబు బకెట్టు పక్కనపెట్టి చక్రాన్ని కాలితో తోసి చూసి, తృప్తిగా తలూపాడు. ఆడవాళ్లు ఎక్కారు. తలుపులు పడ్డాయి, అద్దాలు ఇంకా దించే ఉన్నాయి. చల్లబడింది కదా, పట్టు వదిలింది కదా, ఇంక బాగైపోయిందనుకుని ఉంటాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. బాగవడం కాదది, మరిగిపోయిన నూనె, చితికిన రబ్బరు, బ్రేకు పూర్తిగా పోవడం. కింద వాలు, వాలు చివర మలుపు, మలుపుకి అవతల నీళ్లు. కారు మెల్లగా కదిలింది.

మళ్లీ కదిలిన బండే, మళ్లీ వెనకే నిలబడ్డాడు. మొదట గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"అమ్మా దుర్గా!" అని అరిచాడు రెండోసారి. జీవితంలో అంత గట్టిగా అతను అరవలేదు. "హరీ, హ్యాండు బ్రేకు లాగు! కాలితో కాదు, చేత్తో లాగు!"

హరిబాబు కాలితోనే తొక్కాడు ముందు. పెడలు నేలకి తగిలింది. కారు వాలులో జోరందుకుంది. అప్పుడు చేతి బ్రేకు లాగాడు. దానికి నూనెతో పని లేదు, తీగ మీద నడిచేది. వెనక చక్రాలు కీచుమంటూ ఈడ్చుకుంటూ పోయి, రోడ్డు పనికి పోసిన కంకర గుట్టలో ముందు భాగం దిగబడి కారు ఆగింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక వీరాంజనేయులు కాళ్లు ముడుచుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు.

నాగమల్లేశ్వరి దిగుతూనే అందుకుంది. "బాలింతని, చంటిబిడ్డని తీసుకెళ్తుంటే వెనక నుంచి ఆ కేకలేంటయ్యా? పెద్దాళ్లు చెప్పింది ఊరికేనా, చూడు ఏమైందో." హరిబాబు పాలిపోయిన ముఖంతో స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. "అత్తయ్యా, ఊరుకోండి" అన్నాడు సన్నగా. "కాలికింద ఏమీ లేదు. మావయ్య అరవకపోతే ఆ మలుపులో పోయేవాళ్లం."

దుర్గ బిడ్డని ఊరుకోబెడుతూ తండ్రి దగ్గరికి వచ్చింది. "నీకెలా తెలిసింది నాన్నా?" అని అడిగింది.

అతను జేబులోంచి రబ్బరు తీసి చూపించాడు. నూనె సంగతి చెప్పాడు. ఇక్కడితో ఆపేయొచ్చు, ఎవరికీ ఏమీ తెలీదు. మిగిలిన ఆ ఒక్క మాట చెప్పడానికి భయమేసింది, సముద్రాన్ని చూసినా అంత భయం వెయ్యలేదు.

"ఎప్పుడు చూశావు దీన్ని?" అంది దుర్గ.

"మీరు వీధి చివర ఆటోకి ఆగారే, అప్పుడు" అన్నాడు.

నాగమల్లేశ్వరి కొంగు మెలితిప్పింది. "నేను చూశాను" అంది. "వెనక అద్దంలోంచి. చేతిలో ఏదో పట్టుకుని నోరు తెరిచావు. పిలుస్తాడేమో, శకునం పాడుచేస్తాడేమోనని, నేనే 'పోనీ బాబూ, తొందరగా పోనీ' అన్నా."

అంటూనే ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

దుర్గ అమ్మ వంకా నాన్న వంకా చూసింది. కోపంగా ఏమీ లేదు. అర్థం కాని లెక్క అడిగే పిల్లలా అడిగింది. "పిలిస్తే ఏమయ్యేది నాన్నా?"

వీరాంజనేయులు నిజంగానే ఆలోచించాడు. ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు.

"మీ అమ్మ తిట్టేది" అన్నాడు.

"ఇంకా?"

"అంతేనమ్మా."

అవనిగడ్డ బస్సు వస్తోంది. హరిబాబు చెయ్యెత్తి ఆపాడు. దుర్గ బిడ్డ తల మీద గుడ్డ సరిచేసి, ఇంకేమీ అడగకుండా వెళ్లి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుందిగానీ బయటికి చూడలేదు.